మూడు చుక్కల అంగీ

నాకు ముక్కు మీదే కోపమని మానుకోటలో చాలామందికి తెలుసు. మ్యూజియంలో టికెట్లు చింపే ఉద్యోగానికి అంత కోపం పనికిరాదని మా ఇన్‌ఛార్జి శ్యాం సార్ పదిసార్లయినా చెప్పి ఉంటాడు. ఆయనకేం, కాలేజీలో చరిత్ర పాఠం చెప్పుకొని, సాయంత్రం నాలుగింటికి వచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టి పోతాడు. పొద్దున్నుంచీ ఆ బంగ్లాలో గబ్బిలాలతోనూ, గోడల మీద పేర్లు గీకే కాలేజీ పిల్లలతోనూ వేగేది నేను. కోపం రాక ఏం చేస్తుంది?

బోర్డు మీద జిల్లా చరిత్ర మ్యూజియం అని ఉంటుంది. దొర బంగ్లా అంటేనే గానీ ఆటోవాళ్లకు తెలియదు. రైలు పట్టాలు వేసిన కాలంలో ఎవరో ఇంగ్లిష్ ఇంజినీరు కోసం కట్టారట. ఎత్తయిన పైకప్పులు, ఇద్దరు కలిసి తోస్తే గానీ కదలని తలుపులు, చుట్టూ వరండా. దొర పోయాక కొన్నాళ్లు ఆఫీసర్లు ఉన్నారు, కొన్నాళ్లు వడ్ల బస్తాలు ఉన్నాయి, కొన్నాళ్లు ఎవరూ లేరు. చివరికి ఊరి పెద్దలు కొందరు కమిటీ పెట్టుకొని, సున్నాలు వేయించి, ఊరూరా తిరిగి పాత సామాన్లు పోగు చేసి ఆరు గదుల్లో సర్దారు. ఏడేళ్ల కింద నన్ను పనిలో పెట్టారు.

నేను వచ్చేనాటికే ఆ బంగ్లా ప్రహరీ గోడ నీడలో ఓదెమ్మ ఇస్త్రీ బండి ఉంది. బొగ్గుల పెట్టె, ఒక రేకు డబ్బాలో నీళ్లు, బండి కింద మూటలు. అప్పటికి ఆమెకు నలభై ఆరు ఉంటాయి. బక్కపలచని మనిషి. మాట తక్కువ. మాట్లాడినా పెదవులే కదిలేవి, ముఖం కదిలేది కాదు. గేటు తెరిచేటప్పుడు నేను పలకరిస్తే తల ఊపేది. మధ్యాహ్నం సందర్శకులు ఉండరు కాబట్టి నేనే పోయి బండి పక్కన రాతి మీద కూర్చొని నా కోపాలన్నీ ఆమె నెత్తిన గుమ్మరించేదాన్ని. ఆమె వింటూ ఇస్త్రీ చేసేది. అన్నీ అయ్యాక "పోనీ తియ్యి చెల్లె" అనేది. ఆ ఒక్క మాటకు నా కోపం ఇంకా పెరిగేది.

మెల్లమెల్లగా ఆమె సంగతులు తెలిశాయి. పుట్టిల్లు తరిగొప్పుల. పదిహేడేళ్లకు తొర్రూరులో యాకయ్యకు ఇచ్చి చేశారు. అత్త కొమురవ్వ చేతి కింద పని నేర్చుకుంది. ఇరవై ఇళ్ల బట్టలు. రేవుకు మోయడం, ఉడకబెట్టడం, బండకేసి ఉతకడం, గంజి పెట్టడం. పెళ్లయిన ఎనిమిదేళ్లకు యాకయ్య పనికని పోయి మళ్లీ రాలేదు. అప్పటికి బిడ్డ ప్రవళికకు ఏడాది. అత్తనూ బిడ్డనూ తీసుకొని ఓదెమ్మ మానుకోట చేరింది. బిడ్డను పెంచి, చదివించి, నెల్లికుదురులో పెళ్లి చేసింది. ఇప్పుడు ఇంట్లో తనూ అత్తా. అత్తకు ఎనభై దగ్గర పడుతున్నాయి.

"బావ ఏడున్నట్టు అక్కా?" అని ఒకసారి అడిగాను.

"ఉన్నడు ఏడనో. ఒకతెను ఉంచుకున్నడట. మంథని దిక్కు చూసినమని అన్నరు."

ఆమె కళ్లలోకి చూశాను. కోపం లేదు, బాధ లేదు. నాకైతే ఒళ్లు మండిపోయింది. మా ఆయన గోపాల్ ఒక పూట ఫోన్ ఎత్తకపోతేనే ఇల్లు పీకి పందిరి వేసే మనిషిని నేను. "అసొంటోని పేరు మీద ఇంక మెట్టెలెందుకు అక్కా? తీసి మోరిల పారెయ్యి," అన్నాను.

"పిల్లలు కూడ అయిన్రట," అన్నది ఓదెమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం ఎప్పుడూ లేనంత తేటగా ఉంది. "ఆయన బతికుంటె చాలు చెల్లె. నా దగ్గర్నే బతకాలని లేదు."

ఇంత మెత్తటి మనిషి లోకంలో ఉంటుందా అని ఆశ్చర్యపోయాను. నిజం చెప్పాలంటే ఆమెది తెలివితక్కువతనమే అనుకున్నాను. ఇంటికి పోయి మా ఆయనకు చెప్పి నవ్వాను కూడా.

పోయిన ఎండాకాలం మొదట్లో హైదరాబాద్ నుంచి పెద్ద ఆఫీసరు ఎవరో వస్తారని కబురు వచ్చింది. శ్యాం సార్ ఆ సాయంత్రం గదులన్నీ తిరిగి, అడవి నుంచి వచ్చిన వస్తువులుండే గదిలో అద్దాల పెట్టె ముందు ఆగి, "ఈ బట్టలు ముడతలు పడి ఉన్నయి సుజాతా. ఇస్త్రీ చేపియ్యి," అన్నాడు.

"పాత బట్టలు గట్లుంటెనే గద సార్ పాతవి," అని నసిగాను.

"చెప్పింది చెయ్యి."

తాళం తీసి అయిదు బట్టలు బయటికి తీశాను. ఒక ఖాకీ కోటు, రెండు రుమాళ్లు, ఒక నిక్కరు, ఒక చారల అంగీ. అద్దాల పెట్టెలో ఉన్నవాటిని ఇస్త్రీ పెట్టె కింద పెట్టడం తప్పని మాకెవరికీ తట్టలేదు. చేతుల మీద వేసుకొని గేటు బయటికి నడిచాను.

ఓదెమ్మకు ఒక అలవాటు ఉంది. ఏ చొక్కా చేతికొచ్చినా ముందు కాలరు తిప్పి లోపల చూస్తుంది. అక్కడ గుర్తు ఉంటుంది కదా. ఇరవై ఇళ్ల బట్టలు ఒకే బానలో ఉడుకుతాయి, ఏది ఎవరిదో ఎట్లా తెలియాలి? అందుకని నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ సూదికి అంటిన రసంతో బట్ట మీద చిన్న గుర్తు పెడతారు. ఒక ఇంటికి రెండు చుక్కలు, ఒక ఇంటికి గీత, ఒక ఇంటికి ఇంటూ. బట్ట చిరగాలే గానీ ఆ నలుపు పోదు. ఇప్పుడు ఆ పని ఎవరూ చేయడం లేదు, ఆమె అలవాటు మాత్రం పోలేదు.

కోటు చేసింది. రుమాళ్లు చేసింది. నిక్కరు చేసింది. అంగీ తీసుకొని కాలరు తిప్పింది. తిప్పి, ఇస్త్రీ పెట్టెను పక్కన రాయి మీద పెట్టింది.

"గిది ఏడిది?"

"మ్యూజియంది."

"మ్యూజియంకు ఏడికెళ్లి వచ్చింది?"

"ఎవలో ఇచ్చిన్రు అక్కా. జర జల్ది కానియ్యి, సార్ కూసున్నడు."

ఆమె ఇంకేం అడగలేదు. అంగీ మీద నీళ్లు చల్లి, పెట్టె తీసుకొని, కాలరు, భుజాలు, చేతులు, వీపు, ముందు పట్టీలు వరుసగా చేసింది. మామూలుగా రెండు నిమిషాల పని. ఆ రోజు చాలాసేపు పట్టింది. నేను నిలబడి విసుక్కున్నాను. అయ్యాక ఎప్పుడూ చేసేటట్టే మడత పెట్టి నా చేతిలో పెట్టింది.

మరునాడు పొద్దున నేనింకా తలుపుల గొళ్లాలు తీస్తున్నాను. వరండా మెట్ల కింద ఓదెమ్మ నిలబడి ఉంది. బండి పెట్టలేదు. తలకు నూనె రాసి దువ్వుకుంది. ఉతికిన చీర కట్టుకుంది. ఇన్నేళ్లలో ఆమె గేటు దాటి లోపలికి రావడం అదే మొదలు.

"టికెట్ ఇయ్యి చెల్లె."

"నీకు టికెట్ ఏందక్కా, రా లోపలికి."

"అందరు తీసుకుంటరు గద. నాక్కూడ ఇయ్యి."

చింపి ఇచ్చాను. కొంగు చివర ముడి వేసుకుంది. నాకు లోపల సంబరంగానే ఉంది. నేనే దగ్గరుండి చూపిస్తానని ముందు నడిచాను. పెద్ద హాల్లో దొర, దొరసాని ఫొటో చూపించాను. పన్నెండు మంది కూర్చునే బల్ల చూపించాను. పైకప్పుకు వేలాడే గుడ్డ విసనకర్ర చూపించి, తాడు పట్టుకొని రాత్రంతా లాగే మనిషిని పెట్టుకునేవాళ్లని చెప్పాను. ఆమె ఊ కొట్టింది. చూస్తున్నట్టు లేదు. కిటికీ పక్కనుంచి పోతూ తెర అంచును వేళ్లతో ఒకసారి నలిపి వదిలేసింది. రైల్వే గదిలో దొరల ఇంటి ఇస్త్రీ పెట్టె ఉంది, ఎత్తడానికి రెండు చేతులు కావాలి. అది చూస్తే ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. నాకు చిన్నతనం అనిపించింది. టికెట్ కొని వచ్చిన మనిషి ఏమీ చూడకుండా నడుస్తుంటే ఎవరికైనా అట్లాగే ఉంటుంది.

అడవి గదిలోకి రాగానే నన్ను దాటి నేరుగా అద్దాల పెట్టె దగ్గరికి పోయింది. అంగీని రాత్రే నేను దారంతో వేలాడదీసి, కాలరు తిప్పి, గుర్తు కనబడేటట్టు సర్దాను. పక్కన శ్యాం సార్ రాసి పెట్టిన చిన్న బోర్డు ఉంది.

"దీని మీద ఏం రాసిన్రు? సదువు."

చదివాను. ఏడేళ్లుగా ప్రతి బడిపిల్లల గుంపుకూ చదివి వినిపించిందే. నోటికి వచ్చు.

"గుర్తు తెలియని బాటసారి చొక్కా. 1997 ఆగస్టు 19 సాయంత్రం భూపాలపల్లి అడవిలో, బస్సు రోడ్డు వైపు వస్తూ, పశువుల కాపరులు చూస్తుండగానే వాగులో కొట్టుకుపోయాడు. మరునాడు మృతదేహం లభ్యమైంది. అటవీ ఉద్యోగి జాన్ అంత్యక్రియలు జరిపించి, ఎవరైనా గుర్తుపడతారేమోనని చొక్కాను ఇరవై ఏళ్లు తన పెట్టెలో దాచి, మ్యూజియానికి అందజేశారు. వేళ్ల మీది నల్లని కాలిన మచ్చలను బట్టి ఇతడు కమ్మరి కావచ్చు. కాలరు లోపలి చిహ్నం గిరిజన గణచిహ్నం కావచ్చు."

"బాటసారి అంటె ఏంది?"

"తొవ్వంటి పోయేటోడు."

"లభ్యం అంటె?"

"శవం దొరికిందని."

అట్లా కట్టె విరిచినట్టు చెప్పాను. నాకేం తెలుసు?

"గా చివరికి చెప్పింది మల్ల చెప్పు."

"అది గుర్తు గురించి అక్కా. గుట్టల మీద ఉండేటోళ్ల తెగ గుర్తు గావచ్చని సార్ రాసిండు."

"కాదు," అన్నది ఓదెమ్మ. "అది తొర్రూరు భిక్షపతి సేటు ఇంటి గుర్తు. మూడు చుక్కలు, కింద అడ్డగీత. నేనే పెట్టిన."

నవ్వబోయాను. శ్యాం సార్ ముఖం తలుచుకుంటే నవ్వు రాదా మరి? పెద్ద పెద్ద ప్రొఫెసర్లను తీసుకొచ్చి ఆ మూడు చుక్కలు చూపించి, వాళ్లతో అవునవునని తల ఊపించుకున్న మనిషి. అంతలో ఓదెమ్మ తన కుడి చేయి అద్దం మీద పెట్టింది. బొటనవేలి మీదా, చూపుడు వేలి మీదా నల్లని మచ్చలు. ఏడేళ్లుగా చూస్తున్నాను, బొగ్గులు తగిలి కాలినవనుకున్నాను.

"జీడి రసం తగిలితె పుండ్లయితయి చెల్లె. మచ్చ వడితె మల్ల పోదు. మా ఇంట్ల ముగ్గురికున్నయి. మా అత్తకు, నాకు, ఆయనకు."

ఏడుస్తుందని పట్టుకోవడానికి చేయి చాపాను. ఆమె ఏడవలేదు. చేయి చాపినందుకు నాకే సిగ్గనిపించి వెనక్కి తీసుకున్నాను.

"సేటు అంగీ బావ మీదికి ఎట్లొచ్చింది?" అన్నాను. అడగకూడని మాటే, అయినా నోరు ఊరుకోదు.

"నేనే తొడిగిచ్చిన."

కిటికీ కింద రాతి అరుగు ఉంది. అక్కడ కూర్చొని చెప్పింది. గొంతు మారలేదు. మూటలో ఎన్ని బట్టలున్నాయో చెప్పినట్టే చెప్పింది.

"వానకాలం చెల్లె. ఉతికినయి ఆరయి, ఎవలు బట్టలెయ్యరు. భూపాలపల్లిల బొగ్గుబాయిల కాడ పనులున్నయని ఎవలో చెప్పిన్రు. పని అడగవోయేటోడు చినిగిన అంగీ మీద పోతె ఎవలు పెట్టుకుంటరు? సేటు అంగీ ఉతికి ఉండె. కొత్తది. ఇస్త్రీ చేసి ఇచ్చిన. ఒద్దన్నడు ఆయన. నాలుగొద్దులల్ల వస్తవు, మల్ల ఉతికి ఇచ్చేస్తం, ఎవలికి తెలుస్తదని నేనే జబర్దస్తి తొడిగిచ్చిన. అత్త సుత చూడలే. చీకటితోని పోయిండు."

ఉతకడానికి వచ్చిన బట్ట ఒక పూట తొడుక్కోవడం ఆ పనిలో ఉన్నదే. ఇచ్చేవాళ్లకూ తెలుసు, తొడుక్కునేవాళ్లకూ తెలుసు. బయటపడనంత వరకే ఆ మర్యాద.

నాలుగు రోజులన్నవాడు వారమైనా రాలేదు. రాఖీ పున్నం వచ్చింది. భిక్షపతి సేటుకు చెల్లెలు రాఖీ కట్టవచ్చింది. ఆ అంగీయే కావాలన్నాడు. ఇల్లంతా వెతికి, ఓదెమ్మను పిలిపించారు. సేటు భార్య సులోచన దుకాణం ముందు, బజారు మధ్యలో, నలుగురిలో నిలబెట్టి అడిగింది. నీ మొగడు తొడుక్కొని పోయిండా అని. పక్కన అత్త కొమురవ్వ ఉంది. ఆమెకు సంగతి తెలియదు. కొడుకును దొంగ అంటే ఏ తల్లి ఊరుకుంటుంది? "ఒట్టెయ్యి పిల్లా," అని కోడలి మోచేయి పొడిచింది. "నా కొడుకు మీద ఒట్టెయ్యి. వీళ్ల నోర్లు మూతలు వడాలె."

"ఏసినవా?"

"ఏసిన. నా పెనిమిటి మీద ఒట్టు, ఆయన తొడగలే అన్న. అందరు నమ్మిన్రు. సులోచనమ్మ సుత నమ్మింది. మా అత్త నెత్తి ఎత్తుకొని నడిచింది ఇంటికి."

ఒట్టు తప్పితే వేసినవాళ్లకు ఏమీ కాదు. ఎవరి మీద వేశామో వాళ్లకే తగులుతుంది. నేను పదో తరగతి చదివాను, పేపరు చదువుతాను, మ్యూజియంలో పనిచేస్తాను. అయినా మా పిల్లల మీద ఎప్పుడూ ఒట్టు వేయను.

ఆ తర్వాత అత్తాకోడళ్లు ఇద్దరూ భూపాలపల్లి పోయి వెతికారట. ఎవరూ చూడలేదన్నారు. ఆ ఇంటి బట్టలకు గుర్తు పెట్టాలంటే చేయి రాక ఓదెమ్మ తొర్రూరు వదిలేసింది. ఎప్పుడో ఎవరో, మంథని దిక్కు యాకయ్య వేరే ఆడమనిషితో కనబడ్డాడని చెప్పారు. ఆ మాట పట్టుకొనే బతికిందట ఇన్నాళ్లూ. వేరే ఆమె ఉందంటే మనిషి ఉన్నట్టు. మనిషి ఉన్నాడంటే ఒట్టు తగలనట్టు. మెట్టెలు తీసి మోరీలో పారెయ్యమన్నాను నేను. ఆ మాట గుర్తొచ్చి నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపించింది.

"గా బోర్డు మీద తారీఖు ఉన్నది గద. పందొమ్మిది గద."

"అవునక్కా."

"ఆ ఏడు రాఖీ ఎన్నడొచ్చింది చెల్లె? మీ ఫోన్లల్ల ఉంటదట గద. చూసి చెప్పు. పందొమ్మిదికి ముందటనా, ఎనుకనా?"

అప్పుడు తెలిసింది ఆమె టికెట్ కొని ఎందుకు వచ్చిందో. యాకయ్య పోయాడని నిన్న కాలరు తిప్పినప్పుడే తెలుసుకుంది. ఇప్పుడు తేలాల్సింది ఒకటే. రాఖీ పండుగ పందొమ్మిది తర్వాత వచ్చి ఉంటే, ఆమె ఒట్టు వేసేనాటికి మనిషి ముందే పోయాడు, ఒట్టుకు ఆ పాపం లేదు. పండుగ ముందే వచ్చి ఉంటే, భర్త మీద అబద్ధపు ఒట్టు వేసిన తర్వాత అతను వాగులో దిగినట్టు.

ఫోన్ తీశాను. బంగ్లా లోపల సిగ్నల్ సరిగా రాదు, కిటికీ దగ్గరికి పోయాను. రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారికి వచ్చింది. 1997, రాఖీ పౌర్ణమి, ఆగస్టు 18, సోమవారం.

మరునాడు, మంగళవారం సాయంత్రం, వాగు.

నేను అబద్ధాలు చెప్పను. అందుకే నాకు స్నేహితులు తక్కువ. మొహం మీద అనేస్తానని మా అత్తగారింట్లో అందరికీ భయం. అట్లాంటి నేను ఫోన్ వంక చూస్తూ, తలెత్తకుండా, "ఇరవై ఆరు," అన్నాను.

"ఏంది?"

"ఆ ఏడు రాఖీ ఇరవై ఆరున వచ్చిందక్కా. బావ అంతకు వారం ముందే పోయిండు. నీ ఒట్టుకు దీనికి ఏం సంబంధం లేదు."

ఓదెమ్మ అరుగు మీద నుంచి లేచి మళ్లీ అద్దాల పెట్టె దగ్గరికి పోయింది. వరండాలో ఎవరో సందర్శకులు వచ్చినట్టున్నారు, చెప్పుల చప్పుడు. పోయి టికెట్ ఇవ్వాలి. కదలలేదు. ఆ వచ్చినవాళ్లు కాసేపు చూసి వెళ్లిపోయారు.

"ఆ ఏడు జెండా పండుగ మస్తు జేసిన్రు," అన్నది ఓదెమ్మ, అంగీ వైపే చూస్తూ. "యాభై ఏండ్లయినయట గద. బడి సార్లందరి తెల్లబట్టలు నేనే గంజి పెట్టిన. ఒక్కదాన్నే. ఆయన లేకపాయె. జెండా పండుగ పదైదు. అయిన మూడొద్దులకు రాఖీ."

చేతిలోని ఫోన్‌ను వెనక్కి దాచుకున్నాను.

"అక్షరాలు రావు గని లెక్క వస్తది చెల్లె. ఇరవై ఇండ్ల బట్టలు లెక్కవెట్టినదాన్ని."

"మరి నన్నెందుకు అడిగినవు అక్కా?"

ఆమె అద్దం మీది దుమ్మును కొంగుతో తుడిచింది. నాకు కోపం వచ్చింది. ఆమె మీద, నా మీద, ఆ బోర్డు మీద, ఇరవై ఏళ్లు అంగీని పెట్టెలో దాచిన ఆ మంచి మనిషి జాన్ మీద కూడా. శ్యాం సార్‌కు చెప్పి ఇప్పుడే బోర్డు మార్పిస్తానన్నాను. యాకయ్య అని పేరు రాయిస్తాను, చాకలి యాకయ్య, తొర్రూరు అని పెద్దక్షరాలతో రాయిస్తాను అన్నాను.

"ఒద్దు. గట్లనే ఉండనీ. పేరు పెడితె సేటు అంగీ ఎట్లొచ్చిందని అడుగుతరు. దొంగ అంటరు మల్ల."

నిజమే. నాకు అదీ తట్టలేదు. ఆమె ముఖంలో ఏమైనా కనబడుతుందేమోనని చూశాను. ఏమీ లేదు. రోజూ బండి దగ్గర ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది. ఏడ్చి ఉంటే నాకు నయంగా ఉండేది.

ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పింది ఇంకోపారి చెప్పు."

"ఏది?"

"గదే. ఇరవై ఆరు."

"అక్కా, నన్ను మన్నించు. నీ కోసమని నోటికొచ్చింది చెప్పిన."

"మంచిగనే చెప్పినవు. నాకు గాదు. మా అత్తకు చెప్పాలె. ఇంటికి పోయినంక కొడుకు సంగతి చెప్పకుంట నేను ఉండలేను. అంగీ సంగతి సుత చెప్పాలె. ఒట్టెయ్యమన్నది ఆమెనే గద చెల్లె. ఎన్నడు పోయిండని అడుగుతది. నేను చెప్తె తడబడుత, దొరుకుత. నువ్వు సదువుకున్నదానివి, నువ్వు చెప్తె నమ్ముతది. సాయంత్రం బంగ్లా మూసినంక మా ఇంటికి వస్తవా?"

"వస్త."

"ఏమని చెప్తవో ఇప్పుడు నాకు చెప్పు."

"ఆ ఏడు రాఖీ ఆగస్టు ఇరవై ఆరున వచ్చింది. యాకయ్య అంతకు వారం ముందే పోయిండు."

"నెత్తి కిందికేసి చెప్పకు. నన్ను చూసి చెప్పు."

ఆమె కళ్లలోకి చూస్తూ చెప్పాను.

"జర గట్టిగ," అన్నది ఓదెమ్మ. "ఆమెకు సరిగ ఇనవడది."

గట్టిగా చెప్పాను.